తలుపు దాకా చేర్చే అమానత్
తపాలా ఉద్యోగం గురించి మన యువత, మన కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు

ప్రత్యేక సంచిక అనగానే పెద్దల సందేశాలు, విరాళాల పట్టిక, స్కాలర్‌షిప్పుల వివరాలు ఉంటాయి. వాటి మధ్య పోస్టుమ్యాన్ పని గురించి ఒక వ్యాసం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మాకు రెండు కారణాలు కనిపించాయి. మొదటిది: పదో తరగతి పాసై, పై చదువులకు స్తోమత లేక మెకానిక్ షెడ్డుల్లో, పండ్ల బండ్ల దగ్గర నిలబడిన మన పిల్లలకు రాతపరీక్ష లేకుండా కేంద్ర ప్రభుత్వ శాఖలో అందే కొలువు ఇది. అయినా దీని గురించి మన మొహల్లాల్లో తెలిసినవారు తక్కువ. రెండవది: మన వీధులకు రావలసిన కాగితాలు ఎన్నో చిరునామా దొరకక, పేరు కలవక వెనక్కి పోతున్నాయి. ఉత్తరం తెచ్చే మనిషి పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది. ఈ రెండు విషయాలూ వీలైనంత వివరంగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అప్పగించినది అందజేయడం

ఒకరి సొత్తు మరొకరి చేతికి వచ్చి, అది చేరవలసిన వారికి చెక్కుచెదరకుండా చేరితే దాన్ని మనం అమానత్ నెరవేర్చడం అంటాం. దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 58వ ఆయతులో అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమన్న ఆజ్ఞ ఉంది. ప్రవక్త పదవి రాకముందే దైవప్రవక్త ముహమ్మద్ (స) గారిని మక్కా ప్రజలు ‘అల్ అమీన్’ అని పిలిచేవారు. ప్రాణాలకు ముప్పు ఉన్న హిజ్రత్ రాత్రి కూడా, తమ దగ్గర దాచుకున్న వారి సొమ్ములు వారికి తిరిగి ఇచ్చి రమ్మని హజ్రత్ అలీ (రజి) గారిని మక్కాలో ఉంచి వెళ్లారు. ఆ సొమ్ముల యజమానుల్లో ఆయనను వ్యతిరేకించినవారు కూడా ఉన్నారు.

పోస్టుమ్యాన్ పనిని ఈ కొలతతో చూస్తే దాని విలువ తెలుస్తుంది. అతని సంచిలో ఉన్నది ఏదీ అతనిది కాదు. కవరు లోపల ఏముందో చూసే హక్కు అతనికి లేదు. పంపినవారు ఎవరో, అందుకునేవారు ఏ మతమో, పేదవారో ధనికులో అతనికి అనవసరం. చేర్చాడా లేదా అన్నదే అతని లెక్క. హలాల్ సంపాదన గురించి మనం పిల్లలకు చెప్పేటప్పుడు ఇటువంటి ఉద్యోగాలను కూడా ఉదాహరణగా చూపాలి.

బరీద్ నుంచి తపాలా దాకా

ఉత్తరాలు చేరవేసే పని మన చరిత్రకు కొత్తది కాదు. దైవప్రవక్త (స) వివిధ పాలకులకు లేఖలు పంపినప్పుడు, రోమ్ చక్రవర్తి దగ్గరకు హజ్రత్ దిహ్యా కల్బీ (రజి), పర్షియా చక్రవర్తి కోసం హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ హుజాఫా (రజి) ఆ లేఖలు తీసుకువెళ్లారు. ముద్ర లేని లేఖను రాజులు స్వీకరించరని తెలిసినప్పుడు వెండి ఉంగరంతో మొహరు చేయించారు. బుస్రా పాలకుడికి లేఖ మోసుకువెళ్తున్న హజ్రత్ హారిస్ బిన్ ఉమైర్ (రజి) దారిలో హత్యకు గురయ్యారు. హిజ్రీ 8వ సంవత్సరంలో మూతా యుద్ధానికి దారితీసిన కారణం అదేనని చరిత్రకారులు రాశారు. ఉత్తరం తీసుకువెళ్లే మనిషి ప్రాణానికి ఎంత విలువ ఇచ్చారో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

తరువాతి కాలంలో ఉమయ్యద్, అబ్బాసీ ఖలీఫాల పాలనలో ‘బరీద్’ పేరుతో మజిలీల వారీ తపాలా వ్యవస్థ విస్తరించింది. అరబ్బీలో తపాలాకు ఈనాటికీ అదే మాట. 14వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, ముహమ్మద్ బిన్ తుగ్లక్ పాలనలో రెండు రకాల తపాలా చూశానని రాశాడు. ఒకటి గుర్రాల మీద, రెండవది కాలినడకన. కాలినడక టపా మనిషి ఒక చేత ఉత్తరం, మరో చేత గజ్జెలు కట్టిన కర్ర పట్టుకుని పరుగెత్తేవాడట. గజ్జెల చప్పుడు వినగానే తరువాతి మజిలీ మనిషి సిద్ధంగా నిలబడేవాడట. గుర్రాల టపా కంటే ఇదే వేగంగా వెళ్లేదని ఆయన అంటాడు. తెలుగులో ‘అంచె’ అనే మాటకు ఇటువంటి మజిలీల తపాలా అనే అర్థం ఉంది.

హైదరాబాద్ సంస్థానానికి సొంత తపాలా ఉండేది. 1869లో నిజాం ప్రభుత్వం సొంత స్టాంపులు విడుదల చేసింది. ఆ కాలపు స్టాంపుల మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ కూడా కనిపిస్తాయి. 1950లో ఆ శాఖ భారత తపాలా శాఖలో కలిసిపోయింది. ఇప్పుడు మనం రోజూ చూసే ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. 50తో మొదలయ్యేవి తెలంగాణవి, 51, 52, 53తో మొదలయ్యేవి ఆంధ్రప్రదేశ్‌వి. చివరి మూడు అంకెలు మన ఉత్తరం బట్వాడా చేసే పోస్టాఫీసును సూచిస్తాయి.

రోజు పని ఎలా ఉంటుంది

దేశంలో లక్షన్నరకు పైగా పోస్టాఫీసులు ఉన్నాయి. వాటిలో పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. పల్లెలో ఉండేది బ్రాంచి పోస్టాఫీసు. దాన్ని నడిపేవారు బ్రాంచి పోస్టుమాస్టర్. ఉత్తరాలు పంచేది, సంచులు తెచ్చేది అసిస్టెంట్ బ్రాంచి పోస్టుమాస్టర్. సబ్ పోస్టాఫీసుల్లో, హెడ్ పోస్టాఫీసుల్లో ఇదే తరహా పనికి డాక్ సేవక్ ఉంటారు. ఈ ముగ్గురినీ కలిపి గ్రామీణ డాక్ సేవక్‌లు అంటారు. పట్టణాల్లో పూర్తికాలం పనిచేసే పోస్టుమ్యాన్ వేరు. అది శాఖలో రెగ్యులర్ ఉద్యోగం.

ఉదయం పై ఆఫీసు నుంచి సంచి వస్తుంది. సంచి తెరిచే ముందు సీలు సరిగ్గా ఉందో లేదో చూడాలి. లోపలి కాగితాలను, పార్సెళ్లను జాబితాతో సరిచూడాలి. ఒక్కటి తగ్గినా అప్పుడే రాసి పంపాలి. తరువాత చెబితే బాధ్యత విప్పిన మనిషిదే. ఆ తరువాత వీధుల వరుసలో ఉత్తరాలు సర్దుకుంటారు. మామూలు ఉత్తరాలు వేరు, సంతకం తీసుకోవలసినవి వేరు, డబ్బు చెల్లించవలసినవి వేరు. సంతకాలు ఇప్పుడు ఎక్కువగా మొబైల్ తెర మీదే తీసుకుంటున్నారు. తిరిగి వచ్చాక లెక్క అప్పగించి, పోస్టు డబ్బా తీసి, పోవలసిన ఉత్తరాలను సంచిలో వేసి సీలు చేసి పంపాలి.

ఉత్తరాలు తగ్గిపోయాయి కదా, ఇంకా పోస్టుమ్యాన్ ఎందుకు అనే ప్రశ్న తరచూ వినిపిస్తుంది. క్షేమ సమాచారాల ఉత్తరాలు తగ్గిన మాట నిజం. 2013 జులైలో టెలిగ్రాం ఆగిపోయింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపారు. కానీ పాస్‌పోర్టు, ఏటీఎం కార్డు, ఆధార్, కోర్టు నోటీసు, ఇంటర్వ్యూ పిలుపు, ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు, ఇవన్నీ ఇంకా ఎవరో ఒకరు తలుపు తట్టి ఇవ్వవలసినవే. 2018లో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ మొదలయ్యాక పోస్టుమ్యాన్ చేతికి వేలిముద్ర యంత్రం కూడా వచ్చింది. బ్యాంకు దాకా నడవలేని ముసలివారికి, ఆధార్‌తో కలిపిన ఏ బ్యాంకు ఖాతా నుంచైనా ఇంటి దగ్గరే డబ్బు తీసి ఇవ్వగలుగుతున్నారు. పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్ కూడా ఇంటి దగ్గరే చేస్తున్నారు. తెలంగాణ పల్లెల్లో ఆసరా పింఛన్లు పంచుతున్నది ఎక్కువగా ఈ బ్రాంచి పోస్టాఫీసులే. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే మన అక్కచెల్లెళ్లకు, వితంతువులకు ఆ రోజు పోస్టాఫీసు తెరవడమే నెల గడవడం.

మన వీధుల్లో ఉత్తరాలు ఎందుకు వెనక్కి పోతాయి

ఒకప్పుడు కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్, దుబాయి వెళ్లినవారి ఉత్తరం వస్తే, దాన్ని చదివి వినిపించింది కూడా పోస్టుమ్యానే. మనిషి మారకుండా ఏళ్ల తరబడి అదే వీధిలో తిరిగేవాడు కాబట్టి, చిరునామా సగం ఉన్నా ఇల్లు దొరికేది. ఇప్పుడు మనుషులు మారుతున్నారు. అద్దె ఇళ్లు పెరిగాయి. కొత్తగా వచ్చినవారికి కవరు మీది అక్షరాలే దారి చూపాలి. మన ఇళ్ల విషయంలో ఇబ్బంది ఎక్కువగా మూడు చోట్ల వస్తోంది.

మొదటిది పేరు. ఒకే వీధిలో షేక్ మస్తాన్‌లు నలుగురు, షేక్ కరీమున్నీసాలు ముగ్గురు ఉండడం మనకు మామూలే. ఇంటి పేరు రాసే అలవాటు కొందరికి లేదు. పైగా ఒకే మనిషి ఆధార్‌లో ఫాతిమా బీ, బ్యాంకులో షేక్ ఫాతిమా, రేషన్ కార్డులో ఫాతిమా బేగం అని ఉంటుంది. ‘షేక్’ అన్న మాటనే ఇంగ్లిషులో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. మామూలు ఉత్తరమైతే ఎలాగో చేరుతుంది. కానీ పాస్‌పోర్టు, మనియార్డరు, సంతకం పెట్టి తీసుకోవలసిన ఏ కాగితమైనా గుర్తింపు కార్డులోని పేరుతో కలవకపోతే పోస్టుమ్యాన్ ఇవ్వలేడు. ఇస్తే అతని ఉద్యోగానికే ముప్పు. భర్త నుంచి విడిపోయిన ఒక చెల్లెలికి కోర్టు ఉత్తర్వు ప్రకారం నెలనెలా మనియార్డరుగా మనోవర్తి వస్తుందనుకుందాం. పేరులో తేడా వల్ల అది వెనక్కి పోతే, పంపినవారు ‘నేను పంపాను, తనే తీసుకోలేదు’ అని చెప్పుకోవడానికి ఆధారం దొరుకుతుంది. అందుకే పేరు అన్ని కాగితాల్లో ఒకే రకంగా ఉండేలా సరిచేయించుకోవడం అత్యవసరం. చిరునామాలో పేరు పక్కన తండ్రి పేరో భర్త పేరో తప్పక రాయించాలి.

రెండవది ఇంటి నంబరు. హైదరాబాద్ పాతబస్తీలో ఒకే నంబరుకు బటాలు, వాటికి మళ్లీ ఎ, బి అక్షరాలు చేరి, పక్కపక్క ఇళ్లకు సంబంధం లేని నంబర్లు ఉంటాయి. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు కొత్త నంబరు తీసుకోరు. ఇటువంటి చోట దగ్గరలోని మసీదు, దర్గా, బడి పేరు ఒకటి రాస్తే చాలా మేలు. ఇంటి గోడ మీద నంబరు కనపడేలా రాసుకోవడం పది రూపాయల పని. ఇల్లు మారినప్పుడు పాత చిరునామా పోస్టాఫీసులో దరఖాస్తు ఇస్తే ఉత్తరాలను కొత్త చిరునామాకు మళ్లిస్తారు. ఈ వీలు ఉందని చాలామందికి తెలియదు.

మూడవది తలుపు. పగలు మగవారు పనికి వెళ్తారు. ఇంట్లో ఉన్న ఆడవారు కొత్త మగమనిషికి జవాబు చెప్పడానికి సంకోచిస్తారు. పోస్టుమ్యాన్ ‘తలుపు తాళం’ అనో, ‘మనిషి లేరు’ అనో రాసుకుని వెళ్లిపోతాడు. అటువంటి కాగితాన్ని కొద్ది రోజులు, సాధారణంగా వారం, పోస్టాఫీసులో ఉంచి తరువాత పంపినవారికి తిప్పి పంపుతారు. ఈ వారంలోపు గుర్తింపు కార్డుతో వెళ్తే అక్కడే తీసుకోవచ్చు. స్పీడ్ పోస్టు రసీదు మీద రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర మరో రెండు అక్షరాలు కలిసిన నంబరు ఉంటుంది. దాన్నిబట్టి ఆ కవరు ఎక్కడుందో ఫోనులో చూసుకోవచ్చు.

ఇక్కడే మరో మాట. కోర్టు నుంచో, వకీలు నుంచో నోటీసు వస్తుందని తెలిసి కొందరు ‘తీసుకోము’ అని తిప్పి పంపుతారు. అలా చేస్తే కేసు ఆగిపోతుందని వారి భ్రమ. సరైన చిరునామాకు వచ్చిన నోటీసును కావాలని తిరస్కరిస్తే, అది అందినట్టుగానే న్యాయస్థానం భావించవచ్చు. అప్పుడు మన మాట వినకుండానే తీర్పు వచ్చే ప్రమాదం ఉంది. నోటీసు తీసుకోవడం అంటే తప్పు ఒప్పుకోవడం కాదు. తీసుకుని, చదివించుకుని, ఉచిత న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించడం మేలు.

ఉద్యోగం ఎలా వస్తుంది

గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి రాతపరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. పదో తరగతి మార్కులే కొలత. ఇంటర్, డిగ్రీ, పీజీ చదివినా అదనపు మార్కులు ఏవీ కలపరు. తపాలా శాఖ ప్రకటన ఇచ్చినప్పుడు వారి వెబ్‌సైటులో మాత్రమే దరఖాస్తు చేయాలి. మనియార్డరు, చేతి దరఖాస్తు చెల్లవు. అర్హతలు క్లుప్తంగా ఇవి:

వయసు 18 నుంచి 40 ఏళ్లు. ఓబీసీలకు 3, ఎస్సీ ఎస్టీలకు 5, దివ్యాంగులకు 10 ఏళ్ల సడలింపు ఉంటుంది. పదో తరగతిలో గణితం, ఇంగ్లిషు చదివి పాసై ఉండాలి. స్థానిక భాష, అంటే మన రెండు రాష్ట్రాల్లో తెలుగు, పదో తరగతి దాకా ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలి. సైకిల్ తొక్కడం, కంప్యూటరు వాడడం తెలియాలి. దరఖాస్తు రుసుము 100 రూపాయలు. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు రుసుము లేదు.

ఉర్దూ మీడియం పిల్లల తల్లిదండ్రులు తెలుగు నిబంధనను గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ఉర్దూలో చదవడం ఈ ఉద్యోగానికి అడ్డు కాదు. కానీ మార్కుల మెమోలో తెలుగు ఒక సబ్జెక్టుగా ఉండాలి. ఉత్తరం మీది తెలుగు చదవలేకపోతే పని జరగదు కదా. ఉర్దూ కూడా వచ్చిన మనిషి మన వీధుల్లో మరింత ఉపయోగపడతాడు. మదర్సాలో మాత్రమే చదివినవారు గుర్తింపు పొందిన ఓపెన్ స్కూల్ ద్వారా గణితం, ఇంగ్లిషు, తెలుగు ఉండేలా సబ్జెక్టులు ఎంచుకుని పదో తరగతి రాస్తే మంచిది. సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు పొరపాటు చేస్తే తరువాత దిద్దుకోవడం కష్టం.

మార్కుల పోటీ తీవ్రంగానే ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లో 95 దగ్గర ఉన్నవారికి కూడా మొదటి జాబితాలో చోటు దక్కని సందర్భాలు ఉన్నాయి. అయితే చేరనివారి స్థానంలో తరువాతి జాబితాలు వస్తూనే ఉంటాయి. అందుకని ఒక్క జాబితా చూసి ఆశ వదులుకోకూడదు. దూరపు మండలాల్లోని ఖాళీలను కూడా ఎంచుకున్నవారికి అవకాశం కొంత ఎక్కువ. అసలు మాట ఏమిటంటే, పదో తరగతిని ‘గట్టెక్కితే చాలు’ అనుకునే రోజులు పోయాయి. ఇప్పుడు తొమ్మిది, పది చదువుతున్న పిల్లలకు ఈ మాట ఇళ్లలోనే చెప్పాలి.

బీసీ-ఇ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు

మన పిల్లలు ఎక్కువగా దెబ్బతింటున్నది ఈ చోట. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో, కాలేజీ సీట్లలో మనకు ఉన్న బీసీ-ఇ నాలుగు శాతం రిజర్వేషన్ రాష్ట్రానికే పరిమితం. తపాలా శాఖ కేంద్రానిది. అక్కడ చూసేది కేంద్ర ఓబీసీ జాబితా. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ వర్గాలు ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి వారు కేంద్రం సూచించిన నమూనాలో, క్రీమీలేయర్ కాదన్న వివరంతో ఓబీసీ సర్టిఫికెట్ తీసుకోవాలి. రాష్ట్ర నమూనాలో ఉన్నది పనికి రాదు.

బీసీ-ఇ కిందికి వచ్చే షేక్ తదితర వర్గాలవారు కేంద్ర ఉద్యోగాల్లో ఓబీసీ అని రాస్తే, ధ్రువపత్రాల పరిశీలనలో ఆ దరఖాస్తు పోతుంది. ఎంపికైన ఉద్యోగం చేజారుతుంది. వారికి రెండు దారులు ఉన్నాయి. జనరల్‌లో దరఖాస్తు చేయడం ఒకటి. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయల లోపు ఉండి, భూమి, ఇల్లు నిబంధనలకు లోబడి ఉంటే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవడం రెండవది. కేంద్ర ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లలో లేనివారికే ఈడబ్ల్యూఎస్. ‘మీరు బీసీ కదా, మీకు ఎందుకు’ అని తహసీల్దారు కార్యాలయంలో తిప్పి పంపిన సందర్భాలు ఉంటాయి. అప్పుడు ఇది కేంద్ర ఉద్యోగం కోసమని, కేంద్ర జాబితాలో తమ వర్గం లేదని మర్యాదగా, కాగితం చూపి చెప్పుకోవాలి. ఈ సర్టిఫికెట్లను ప్రకటన వచ్చాక కాకుండా ముందే తీసి ఉంచుకోవాలి.

జీతం, కష్టం, దాచకుండా

ఆశ పెట్టి తరువాత నిరాశపరచడం మంచిది కాదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాం. అసిస్టెంట్ బ్రాంచి పోస్టుమాస్టర్, డాక్ సేవక్‌లకు నెలకు మూలవేతనం 10,000 రూపాయల నుంచి మొదలవుతుంది. బ్రాంచి పోస్టుమాస్టర్‌కు 12,000 నుంచి. దాని మీద కరువు భత్యం కలుస్తుంది. పని కాగితం మీద రోజుకు నాలుగు నుంచి అయిదు గంటలు. 65 ఏళ్ల దాకా చేయవచ్చు.

కానీ వీరిని రెగ్యులర్ కేంద్ర ఉద్యోగులుగా లెక్కించరు. 1977లో సుప్రీంకోర్టు ఈ ఉద్యోగులది ‘సివిల్ పోస్టు’ అని, రాజ్యాంగ రక్షణ లేకుండా తొలగించరాదని తీర్పు చెప్పింది. అయినా రెగ్యులర్ ఉద్యోగుల పింఛను, జీతభత్యాలు వీరికి రాలేదు. కమలేశ్ చంద్ర కమిటీ సిఫార్సుల తరువాత 2018లో వేతనాలు కొంత మెరుగుపడ్డాయి. రెగ్యులర్ చేయాలన్న కోరిక ఈనాటికీ నిలిచే ఉంది. శాఖ నిబంధనల్లోనే ‘వేరే జీవనాధారం ఉండాలి’ అన్న షరతు ఉంది. అంటే చిన్న దుకాణమో, కుట్టు పనో, సాగో చేసుకుంటూ చేయగల ఉద్యోగం ఇది. దీన్నొక్కదాన్నే నమ్ముకుని పెద్ద కుటుంబాన్ని ఈదడం కష్టం.

బ్రాంచి పోస్టుమాస్టర్ అయితే ఆఫీసుకు చోటు తనే చూపాలి, ఆ ఊళ్లోనే ఉండాలి. బట్వాడాకు బండి మనదే, పెట్రోలు ఖర్చులో ఎక్కువ భాగం మనదే. ఎండ, వాన, కుక్కలు, సిగ్నల్ దొరకని ఫోను ఎలాగూ తప్పవు. వీటికి తోడు ఖాతాలు తెరిపించాలి, బీమా చేయించాలి అని పైనుంచి లక్ష్యాలు వస్తుంటాయి. వడ్డీ ఖాతాలు, బీమా పని చేయవలసి వస్తుందేమోనని మన యువకులు కొందరు సంకోచిస్తున్నారు. ఆ సంకోచాన్ని మేము తేలికగా తీసుకోము. దాని మీద తీర్పు చెప్పే స్థానం మాది కాదు. తాము నమ్మే ఉలమాను అడిగి నిర్ణయించుకోవాలి. మూడు పోస్టుల్లో ఏ పనిలో డబ్బు లెక్క ఎక్కువో, ఏ పనిలో బట్వాడా ఎక్కువో పైన చెప్పాం. అడిగేటప్పుడు ఆ వివరం చెబితే జవాబు కూడా స్పష్టంగా వస్తుంది.

దీనికి ఒక మంచి పార్శ్వం కూడా ఉంది. కొన్నేళ్ల సర్వీసు తరువాత శాఖలో జరిగే పరీక్షలు రాసి మల్టీ టాస్కింగ్ స్టాఫ్‌గా, పోస్టుమ్యాన్‌గా రెగ్యులర్ ఉద్యోగంలోకి వెళ్లవచ్చు. అక్కడి నుంచి పై మెట్లు ఉన్నాయి. డిగ్రీ చదువుతూ ఈ ఉద్యోగం చేసి, ఆ పరీక్షలకు చదువుకునేవారికి ఇది గట్టి తొలిమెట్టు.

ఒక్క పైసా తేడా వచ్చినా

ఈ ఉద్యోగంలో మనిషిని నిలబెట్టేది, పడగొట్టేది ఒక్కటే. పింఛను సొమ్మో, ఖాతాలో వేయమని ఇచ్చిన డబ్బో ‘సాయంత్రం కట్టేద్దాం’ అని ఇంటి అవసరానికి వాడుకోవడంతో పతనం మొదలవుతుంది. ఇచ్చినామె చదువు రాని ముసలామె కావచ్చు. పాసుపుస్తకంలో రాయకపోయినా ఆమె అడగలేదు. కానీ తనిఖీలో బయటపడితే విధుల నుంచి పక్కన పెడతారు, సొమ్ము వసూలు చేస్తారు, కేసు పెడతారు. ఉత్తరాలు పంచకుండా పారవేయడం కూడా అటువంటి నేరమే. ఎవరి ఇంటికి ఏ కోర్టు కాగితం వచ్చిందో, ఎవరి అల్లుడు ఏం రాశాడో వీధిలో చెప్పడం చట్టానికి ముందే మన దీన్‌కు విరుద్ధం. ఉద్యోగంలో చేరే ప్రతి పిల్లవాడికీ ఈ మాట ఇంట్లో పెద్దవారు చెప్పి పంపాలి.

మన ఆడపిల్లలు

పదో తరగతి మార్కుల్లో మన ఆడపిల్లలు మగపిల్లల కంటే ముందుంటున్నారని అందరం చూస్తున్నాం. మార్కులే కొలతైన ఈ ఉద్యోగం వారికి బాగా కలిసొస్తుంది. రుసుము లేదు. ప్రసూతి సెలవు ఉంది. పని గంటలు తక్కువ, పైగా పగటి వేళే. ఇందాక చెప్పిన ‘తలుపు’ సమస్యకు కూడా ఇదే మంచి పరిష్కారం. తలుపు తట్టింది ఒక ఆడమనిషైతే లోపలివారు వెంటనే జవాబిస్తారు. వేలిముద్ర వేయడానికి, డబ్బు లెక్క చూసుకోవడానికి జంకరు.

దూరంగా పోస్టింగ్ వస్తే ఎలా, బండి మీద తిరగాలా అని తల్లిదండ్రులు వెనకాడుతున్నారు. ఆ భయం అర్థం చేసుకోదగినదే. దరఖాస్తు చేసేటప్పుడే మన ఊరికి దగ్గరలోని ఖాళీలను మాత్రమే ఎంచుకోవచ్చు. బ్రాంచి పోస్టుమాస్టర్ పని ఎక్కువగా ఒకచోట కూర్చుని చేసేది. ఒకసారి దగ్గరలోని పోస్టాఫీసుకు వెళ్లి, అక్కడ పనిచేస్తున్న ఆడవారితో అమ్మాయిని మాట్లాడనిచ్చి ఆ తరువాత నిర్ణయించుకోండి.

దళారులతో జాగ్రత్త

పరీక్ష లేదన్న మాట వినగానే ‘పైవారికి ఇస్తే పని అవుతుంది’ అనే దళారులు పుట్టుకొస్తారు. లక్షలు అడుగుతారు. జాబితా తయారయ్యేది కంప్యూటర్‌లో, మార్కుల వరుసలో. మధ్యలో ఎవరూ చేయగలిగింది లేదు. మార్కులున్న పిల్లవాడికి ఎలాగూ వచ్చే ఉద్యోగాన్ని ‘నేనే ఇప్పించాను’ అని చెప్పి సొమ్ము తీసుకోవడం, రానివాడిని వాయిదాలతో తిప్పడం వీరి పద్ధతి. కొందరు మార్కులు పెంచిన దొంగ మెమోలు చేయిస్తామంటారు. శాఖ ప్రతి మెమోనూ అది ఇచ్చిన బోర్డుకు పంపి సరిచూసుకుంటుంది. దొరికితే ఉద్యోగంతో పాటు పిల్లవాడి భవిష్యత్తూ పోతుంది. చెల్లెలి పెళ్లికి దాచిన సొమ్ము, తల్లి మెడలోని బంగారం ఇటువంటి వారి చేతుల్లో పోయడం మనకు తగదు. ఇవ్వవలసింది 100 రూపాయల రుసుము మాత్రమే.

మనం చేయగలిగినవి

పెద్ద నిధులు అవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి. ప్రకటన వచ్చినప్పుడు జుమా నమాజు తరువాత మసీదులో రెండు నిమిషాలు ప్రకటిస్తే ఆ వార్త మొహల్లా అంతా తెలుస్తుంది. కంప్యూటరు తెలిసిన ఇద్దరు యువకులు ఆ పదిహేను రోజులు సాయంత్రాలు కూర్చుని దరఖాస్తులు నింపి పెట్టవచ్చు. ఫొటో, సంతకం సరిగ్గా అప్‌లోడ్ కాక, కేటగిరీ తప్పు రాసి పోగొట్టుకునేవారు మిగులుతారు. ఎంపికైన పేద పిల్లలకు సైకిలో, పాత బండో సమకూర్చడం మంచి సదఖా అవుతుంది. పేర్లలో తేడాలు సరిచేయించుకునే కుటుంబాలకు ఆధార్ కేంద్రం దాకా తోడు వెళ్లడం కూడా సేవే. ప్రతి వీధిలో ఇళ్ల నంబర్లు గోడ మీద రాయించడం మసీదు కమిటీలు ఒక్క ఆదివారం చేయగల పని.

చివరిగా ఒక విన్నపం. మీ వీధికి వచ్చే పోస్టుమ్యాన్ ఎవరైనా, ఏ మతంవారైనా, ఎండలో వచ్చినప్పుడు ఒక గ్లాసు నీళ్లు ఇవ్వండి. అతని ఫోను నంబరు మీ దగ్గర, మీ నంబరు అతని దగ్గర ఉంచండి. మీ ఇంటికి రావలసిన అమానత్ మోస్తున్నది అతనే. మన పిల్లల్లో కూడా కొందరు ఆ సంచి భుజాన వేసుకుని నిజాయితీగా సంపాదించి, నలుగురికీ మేలు చేసేవారుగా నిలవాలని ఆ అల్లాహ్‌ను వేడుకుంటున్నాం. ఆమీన్.